విమానం వంతు

మా ఊళ్లో విమానం ఎక్కడం వంతు పని. కాలువలో పూడిక తీసినట్టు, తోటకు కాపలా వెళ్లినట్టు, ఇంటి వంతు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఒకరు వెళ్లి ఎక్కి రావాలి. పని ఉందా, సరదా ఉందా అని ఎవరూ అడగరు. కోటవురట్ల సంతలో పొరుగూరివాళ్లు ఎదురైతే, "ఈ నెల మీలో ఎవుడెల్తన్నాడ్రా ఇమానానికి?" అని నవ్వుతారు. నవ్వనిస్తాం. బస్సున్నది మాకు, వాళ్లకు లేదు.

ఇది అర్థం కావాలంటే ముందు బస్సు సంగతి చెప్పాలి.

పూర్వం మా ఊరికి మామూలు బస్సు ఉండేది. ఎక్కేవాళ్లు తక్కువని దాన్ని తీసేస్తామని అప్పుడప్పుడూ కబురొచ్చేది. ఫలానా రోజు లెక్కపెట్టడానికి మనిషి వస్తున్నాడని కూడా ఎలాగో ముందే తెలిసేది. ఆ రోజు ఇంటికొకరు చొప్పున బస్సు ఎక్కి, అడ్డరోడ్డు దాకా వెళ్లి, టీ తాగి తిరిగొచ్చేవాళ్లం. ఎవరు ఎక్కాలి, ఎవరు నిలబడాలి, ఎవరు చంటిపిల్లను ఎత్తుకోవాలి అన్నది నేను నిర్ణయించేవాణ్ణి. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. లెక్కలు మాత్రం బెల్లం వండే చోట, పాకం పక్కన కూర్చుని, ఏ చెరకుకు ఎంత బెల్లం దిగుతుందో చూస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని ఊళ్లో దేనికి లెక్క కావాలన్నా నన్నే పిలుస్తారు. మొదటి రోజుల్లో బస్సు మరీ నిండిపోయింది. నిండిన బస్సు నమ్మబుద్ధి కాదని, తర్వాత ఒకటి రెండు సీట్లు ఖాళీ ఉంచేలా సర్దాను. అలా ఆ బస్సు చాలా ఏళ్లు నడిచింది.

తర్వాత టికెట్లు కొట్టే మెషిన్ వచ్చింది. మనిషి అయితే ఏడాదికి ఒకసారి వచ్చి లెక్కపెట్టేవాడు. మెషిన్ రోజూ లెక్కపెడుతుంది. రోజూ టీ తాగి రావడం మా వల్ల కాలేదు. బస్సు పోయింది.

బస్సు పోయిన ఏడాదే మా అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి.

అక్కను మా ఊళ్లోనే ఇచ్చారు. వారానికి మూడుసార్లు అనకాపల్లి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలన్నారు. వెళ్లేటప్పుడు ఫరవాలేదు. షేర్ ఆటోలో అడ్డరోడ్డు, అక్కణ్ణుంచి హైవే మీద ఏది దొరికితే అది. వచ్చేటప్పుడే కష్టం. సూదులు తీశాక మనిషి పిండిన గుడ్డలా ఉంటుంది. ఆటో ఒక్కో గుంతలో పడినప్పుడల్లా, సూదులు గుచ్చిన ఎడమ చేతిని కుడిచేత్తో గుండెకు అదుముకునేది. ఒకరోజు అడ్డరోడ్డులో చెరకురసం బండి బల్ల మీద స్పృహ తప్పి పడిపోయింది. ఇంటికి చేరాక మా బావతోనూ నాతోనూ అంది, "ఇంక నా వల్ల కాదు. మానేత్తాను."

మా బావ పొలానికి వెళ్లిపోయాడు. మానేస్తే ఏమవుతుందో ఆసుపత్రిలో నాకు చెప్పారు. ఆ ఒక్క లెక్క నేను ఎవరికీ చెప్పలేదు.

మా బావ గురించి ఒక మాట చెప్పాలి. ఆనకట్ట కాలువ తూము పక్కనే ఆయన చెరకు తోట. నీళ్లు వదిలితే మొదటి తడి ఆయనదే, తరాల నుంచి అంతే. కాలువ చివర, శివారులో, మేమంతా మామ అని పిలిచే ఒక రైతు ఉన్నాడు. ఆయన దాకా వచ్చేసరికి నీళ్లు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. మొదటి తడి గలవాడి భార్య రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్లు కొలత పెట్టారు. ఆ కొలత చూసేది నేను. పొద్దున్నే ఒక సీసాలో పోసి ఇస్తాను. అక్క దాన్ని చిన్న స్టీలు గ్లాసుతో, మందు తాగినట్టు తాగుతుంది. కిటికీలోంచి చూస్తే తోట నిండా నీళ్లు.

అలా ఉండగా కోటవురట్లలో సభ పెట్టారు. వేదిక వెనక బ్యానర్ మీద "గ్రామీణ ప్రజలకు మెరుగైన విమాన సేవలు" అని రాసి, వరిచేను మీదుగా విమానం ఎగురుతున్న బొమ్మ వేశారు. విశాఖకు అవతల కొత్త విమానాశ్రయం వస్తోందని, అది మాకు పాతదానికన్నా దూరమని, దూరం పెరిగింది గనక మా సౌకర్యం కూడా పెంచాలనుకుంటున్నారని విమానాశ్రయం వాళ్లు పంపిన ఒక మేడమ్ చెప్పింది. పాతది దగ్గరగా ఉన్నన్నాళ్లూ మా సౌకర్యం ఎవరికీ గుర్తుకు రాలేదు. అయినా ఆ మేడమ్ మంచి మనిషి. చెప్పింది అర్థమయ్యేలా చెప్పింది, అడిగింది రాసుకుంది.

"మీలో ఇంతవరకు విమానం ఎక్కినవాళ్లు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"ఎక్కాలనుకునేవాళ్లు?"

ఎవరూ ఎత్తలేదు. మా బావ లేచి, "ఎక్కితే ఏటొత్తాదమ్మా మాకు?" అన్నాడు.

"ఎక్కేవాళ్లుంటే మీ ఊరి నుంచి విమానాశ్రయానికి నేరుగా ఏసీ బస్సు వేస్తాం. అనకాపల్లి మీదుగా వెళ్తుంది."

ఒక్కసారిగా చేతులన్నీ లేచాయి. పట్టుకుంటే గాని లేచి నిలబడలేని ముసలమ్మ కూడా రెండు చేతులూ ఎత్తింది.

మేడమ్ కాసేపు ఆ చేతుల వంక చూసి, "ఏ పని మీద వెళ్తారు?" అని ముందు వరసలో ఉన్న శివారు మామను అడిగింది.

"సెరుకమ్మడానికండి."

"చెరకు విమానంలో తీసుకెళ్తారా?"

"సెరుకిక్కడే ఉంటాది మేడమ్. నానెల్లి రేటు కనుక్కొత్తాను."

"ఫోన్లో కనుక్కోవచ్చు కదా?"

"ఫోన్లో ఎవుడు నిజం సెప్తాడండి?"

చివరికి, ఏడాదికి ఎంతమంది ఎక్కవచ్చో ఒక అంచనా చెప్పమంది. జనమంతా నా వైపు తిరిగారు. నా అసలు అంచనా సున్నా. సున్నాను ఊళ్లో ఉన్న ఇళ్లన్నిటితో హెచ్చవేసినా సున్నాయే వస్తుంది. "ఇంటికొకరు ఎక్కగలరండి" అన్నాను. ఎక్కుతారని అనలేదు. ఆ తేడా రాసుకోవడానికి ఆవిడ కాగితంలో చోటు లేదు.

కొన్ని నెలలకు బస్సు వచ్చింది. పక్కన రెక్కలు చాచిన విమానం బొమ్మ, లోపల వెనక్కి వాలే మెత్తటి సీట్లు, చలి. మొదటి రోజు ఊళ్లో సగం మంది దుప్పట్లు కప్పుకుని ఎక్కారు. విమాన ప్రయాణికుల సామాన్ల కోసం బస్సు కడుపులో ఉన్న అరలో బెల్లం దిమ్మలు, అరటి గెలలు, వంకాయల బస్తాలు సర్దారు. అక్క ఎడమ చెయ్యి దేనికీ తగలకుండా కుడివైపు కిటికీ పక్కన కూర్చుని, వెనక్కి వాలి, అనకాపల్లి దాకా నిద్రపోయింది. ఆమె బయట నిద్రపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మానేస్తానన్న మాట మళ్లీ అనలేదు.

అనకాపల్లిలో అందరూ దిగిపోయేవారు. డ్రైవరుది ఆ టౌనే. మొదటి వారం నవ్వాడు, రెండో వారం నా మీద విసుక్కున్నాడు. "ఏటి బాబూ మీ ఊరోళ్లు? అనకాపల్లి దాటేక నాను, ఏసీ, ఇద్దరమే ఎల్తన్నాం ఎయిర్‌పోర్టుకి. దానికి సలేత్తంది, నాకు నిద్దరొత్తంది."

"ఇవాళ కాకపోతే రేపు ఎక్కుతారులే" అన్నాను.

"రేపంటే ఏ రేపు?"

ఆ రేపు ఏదో ఆ నెలాఖరున తెలిసింది. బస్సు నడుపుతున్నది విమాన ప్రయాణికుల కోసం గనక, నెలకు కనీసం ఒక్కరైనా మా ఊరి నుంచి నిజంగా విమానం ఎక్కినట్టు చూపాలని, లేకపోతే బస్సు ఆపేస్తారని కబురు వచ్చింది. స్వయంగా చూడ్డానికి మేడమ్ కూడా వస్తుందట.

ఆ సాయంత్రం ఊరంతా కూర్చున్నాం. టికెట్టు డబ్బు అందరూ కలిసి వేసుకోవాలనడంలో పేచీ రాలేదు. ఎవరు ఎక్కాలన్న దగ్గర వచ్చింది. ఇలాంటప్పుడు మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, నీళ్ల వంతు. తూము దగ్గర మొదలెట్టి శివారు దాకా. ఆ లెక్కన మొదటి విమానం మా బావది.

బావ ముఖం పాలిపోయింది. మొదటి తడి కోసం ఎన్నోసార్లు పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మనిషి, ఆ రోజు ధర్మం మాట్లాడాడు. "ఎప్పుడూ మేమే ముందైతే బావుండదు. పాపం శివారోళ్లకి ఏ వంతూ సరిగ్గా అందలేదు. ఈసారి ఆళ్లతో మొదలెడదాం."

శివారు మామ నింపాదిగా చుట్ట వెలిగించాడు. "ఎన్నేళ్లకి గుర్తొచ్చేనురా నీకు? తరాల మర్యాద తప్పకూడదు. తూముదే మొదటి వంతు. ఎల్లు, ఎక్కు."

"నా ఆడమనిషిని ఆసుపత్రికి ఎవుడు తీసుకెల్తాడు మామా?"

"నీ బామ్మర్దున్నాడు కదా, లెక్కలు కట్టుకుంటా."

"ఎత్తంటే నాకు కళ్లు తిరుగుతాయి మామా. కొబ్బరిసెట్టే ఎక్కను."

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. చుట్ట పక్కన పెట్టి, "నానెక్కుతాను. ఈ ఏడు మొదటి తడి శివారుకి. నీది ఆఖరు" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఎండాకాలంలో ఆఖరి తడి అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. చెరకు గణుపు సాగదు, రసం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో నా మనసులో లెక్క దానంతటదే మొదలైంది. బావ నా వైపు చూశాడు. నన్ను ఆ లెక్క అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కునికిపాట్లు పడుతున్న అక్క వైపు చూసి, "అలాగే కానీ మామా" అన్నాడు.

కాలువ తవ్విన నాటి నుంచి ఎవరూ మార్చలేని నీళ్ల వరసను అలా ఒక విమానం టికెట్టు మార్చింది. గ్రామీణ ప్రజలకు విమాన సేవల వల్ల మేలు జరిగిందని ఎవరైనా రుజువు అడిగితే నేను ఇదే చూపిస్తాను. జరిగింది నీళ్ల మేలు, అంతే.

మామ ప్రయాణానికి పెట్టె కావాల్సి వచ్చింది. అనకాపల్లిలో సూట్‌కేసులు బాగుచేసే భాయ్ దగ్గర, బాగుచేయించి తీసుకెళ్లనివి కొన్ని పడి ఉంటాయి. "తీస్కెళ్లండి బాబూ. ఈ నీలం దాని జిప్పు మాత్రం లాగొద్దు, ఇంకా కుట్టలేదు" అన్నాడు. ఖాళీ పెట్టెతో వెళ్లడం నామోషీ అని మామ అందులో బెల్లం దిమ్మ పెట్టుకున్నాడు. విమానాశ్రయం దాకా తోడుగా నేను వెళ్లాను. ఆ బస్సులో చివరి దాకా వెళ్లిన మొదటి ప్రయాణికులం మేమిద్దరం. డ్రైవరు సంబరపడి ఏసీ ఇంకాస్త పెంచాడు. దారిలో నేను కట్టిన లెక్క ఏమిటంటే, మా ఊరి నుంచి విమానాశ్రయానికి పట్టిన కాలంలో మామ ఎక్కబోయే విమానం హైదరాబాద్ వెళ్లి తిరిగి రావచ్చు. మామకు చెప్తే, "అయితే దాన్నే మనూరు రమ్మను" అన్నాడు.

గేటు దగ్గర నన్ను ఆపేశారు. మామ ఒక్కడే లోపలికి వెళ్లాడు. మర్నాడు హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చాడు. బెల్లం దిమ్మ సామాన్లు తనిఖీ చేసే మెషిన్ తెరమీద రాయిలా కనబడిందట, పెట్టె తెరవమన్నారట, తెరిస్తే జిప్పు ఊడి వచ్చిందట. బెల్లమని తెలిశాక వాళ్లూ తలా ముక్కా తిన్నారట.

"పైనుంచి ఏటి కనబడింది మామా?" అని బావ అడిగాడు.

"నా శివారు కనబడింది. నీ తూము మాత్రం ఎంతెతికినా కనబళ్లేదురా" అన్నాడు మామ. తర్వాత నాతో ఒక్కడితో, మబ్బు తప్ప ఏమీ కనబడలేదని చెప్పాడు.

మేడమ్ వచ్చింది. మా ఊళ్లోనే బస్సు ఎక్కింది. మామ ప్రయాణం ఒక్కటీ చాలదేమోనని, ఊరివాళ్లు ఆ రోజు పెట్టెలతో ఎక్కారు. ఆ వేళ ఎవరూ గంపలు తేలేదు. పాత బస్సును కాపాడినట్టే దీన్నీ కాపాడాలని మా ఉద్దేశం. సీట్లు ఒకటి రెండు ఖాళీ ఉంచమని నేనే చెప్పాను. ఆ ఖాళీల్లో ఒకటి అక్క పక్కది.

మేడమ్ అక్కడ కూర్చోబోతూ, సీటు మీద ఉన్న పెద్ద పెట్టెను జరపడానికి బలంగా పట్టుకుని లేపింది. ఖాళీ పెట్టె కావడంతో అది ఆవిడ తల దాకా లేచిపోయింది. ఆవిడ దాన్ని మెల్లగా పైఅరలో పెట్టి కూర్చుంది.

"ఎక్కడికి వెళ్తున్నారమ్మా?" అని అక్కను అడిగింది.

వెనక సీట్లోంచి బావ, "హైదరాబాదండి" అన్నాడు.

"నువ్వూరుకో" అంది అక్క. "నాను అనకాపల్లి ఆసుపత్రికెల్తన్నానమ్మా. వారానికి మూడుసార్లు. నా కోసమని ఈళ్లందరూ పెట్టెలు పట్టుకొచ్చేరు. ఆ పెట్టెల్లో ఏటీ లేదు."

నేను తల వంచుకున్నాను. బస్సు పోయిందనే అనుకున్నాను. మామ ఎగిరి వచ్చిందీ, బావ నీళ్లు వదులుకున్నదీ కలిపి కూడితే కూడా ఏమీ మిగలలేదు.

మేడమ్ కోప్పడలేదు. "అక్కడ ఎన్నింటికి అవుతుంది?" అంది.

"సూదులు తీసేసరికి పన్నెండవుద్ది. కళ్లు తిరగడం తగ్గడానికి ఇంకో గంట."

"మరి ఈ బస్సు వెనక్కి వచ్చేది సాయంత్రం కదా?"

"ఎయిర్‌పోర్టుకెల్లి రావాలి కదమ్మా, పాపం. అందాకా మెట్ల మీద కూకుంటాను."

అనకాపల్లిలో అందరమూ పెట్టెలతో సహా దిగిపోయాం. ఆవిడ మాత్రం బస్సులోనే ఉండి, డ్రైవరుతో విమానాశ్రయం దాకా వెళ్లింది.

రెండు వారాలకు డ్రైవరు కబురు తెచ్చాడు. అనకాపల్లి నుంచి విమానాశ్రయానికి ప్రయాణికులు లేరు గనక, విమానాశ్రయం బస్సు ఇకమీదట విమానాశ్రయానికి వెళ్లదు. అనకాపల్లి దాకా వెళ్లి, అక్కడే ఆగి, తిరిగి వస్తుంది. విమాన సేవల కింద నడిచేదే గనక బొమ్మ అలాగే ఉంటుంది. నెలకు ఒకరు విమానం ఎక్కాలన్న షరతూ అలాగే ఉంటుంది.

"వెనక్కి ఎన్నింటికి?" అని అడిగాను.

"ఒంటిగంటన్నరకి. ఇమానాల టైముకి కలిపి పెట్టేరంట."

విమానాల టైములన్నీ ఫోన్లో చూశాను. అక్కడ దిగిన మనిషి అనకాపల్లి వచ్చి ఒంటిగంటన్నరకు ఆ బస్సు అందుకోవడానికి ఏ విమానమూ సరిపోలేదు. అందుకోగలిగేది ఆసుపత్రి నుంచి నడిచి వచ్చే మనిషి ఒక్కరే. ఈ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం శివారు మామ చెరకు నల్లగా ఏపుగా ఎదిగింది. బావ తోట ఆకు చివర్లు ఎండాయి. గట్టు మీద ఎదురైనప్పుడల్లా మామ, "మళ్లీ ఏడూ నానే ఎక్కుతాన్రా, నీకెందుకు శ్రమ" అనేవాడు. బావ తిట్టేవాడు. ఆ తిట్లలో ఇంతకుముందున్న పదును లేదు.

మా ఇంటి వంతు చలికాలంలో వచ్చింది. పెట్టె పట్టుకుని అక్కతో కలిసి విమానాశ్రయం బస్సు ఎక్కాను. అనకాపల్లిలో ఇద్దరం దిగాం. ఆమె ఆసుపత్రికి నాలుగడుగులు వెయ్యాలి. నేను విశాఖ బస్సు పట్టుకుని, అక్కడ మరో బస్సు మారి విమానాశ్రయానికి చేరాలి. విమాన సేవలు మెరుగుపడక ముందు కూడా దారి అంతే.

అక్క రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తమ్ముడూ, ఇమానంలో నీళ్లడిగితే ఇత్తారంట కదా. నా వంతు కూడా తాగిరా."

అడిగితే ఇచ్చారు. అక్క స్టీలు గ్లాసు కన్నా చిన్నది, కాగితం గ్లాసు. తాగేసి, రెండోది అడిగాను.